అంబులెన్స్‌కు దారి ఇవ్వడంలోని లెక్కలు

రాయలసీమలో చాలామందికి పెద్ద జబ్బు చేస్తే గుర్తుకొచ్చే పెద్దాసుపత్రి బెంగళూరులోనే ఉంటుంది. హిందూపురం నుంచో అనంతపురం నుంచో రోగిని ఎక్కించుకుని నిమ్హాన్స్‌కో, జయదేవకో, కిద్వాయికో బయలుదేరిన అంబులెన్స్ హైవే మీద ఉన్నంతసేపు పెద్ద ఇబ్బంది లేకుండానే సాగిపోతుంది. దేవనహళ్లి, యలహంక దాటి హెబ్బాళ ఫ్లైఓవర్‌ను సమీపించేసరికి మాత్రం, అప్పటిదాకా కిలోమీటర్లలో చెప్పుకున్న దూరాన్ని నిమిషాల్లో చెప్పుకోవలసి వస్తుంది. అక్కడ చుట్టూ ఉన్న వాహనదారుల్లో దారి ఇవ్వకూడదని పంతం పట్టినవాళ్లు అరుదు. అయినా దారి ఏర్పడదు. దీనికి జనంలో మానవత్వం లేకపోవడమే కారణమని తేల్చేయడం తేలికే గాని, నా ఉద్దేశంలో అసలు కారణాల్లో ఎక్కువ భాగం మన చెవి పనిచేసే తీరులోను, క్యూ కదిలే తీరులోను, కారు ముందు చక్రాలు తిరిగే తీరులోను ఉన్నాయి.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 194-ఇ అనే కొత్త సెక్షన్‌ను చేర్చింది. అగ్నిమాపక శకటం గాని, అంబులెన్స్ గాని, రాష్ట్ర ప్రభుత్వం పేర్కొన్న మరే అత్యవసర వాహనం గాని సమీపిస్తున్నప్పుడు తన బండిని రోడ్డు పక్కకు తీయని డ్రైవర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పక్కకు తీయాలన్న నియమం మాత్రం కొత్తది కాదు, 1989 నాటి రహదారి నిబంధనల్లోనే ఉంది. 2019లో దానికి పదును వచ్చింది. అయితే ఈ సెక్షన్ మూడు విషయాలను ఉన్నట్టుగానే అనుకుని మాట్లాడుతుంది. వాహనం వస్తోందని డ్రైవర్‌కు తెలుస్తుందని, తప్పుకోవడానికి రోడ్డుకు ఒక ‘పక్క’ ఉంటుందని, ఆ పక్కకు బండి కదలగలదని. బెంగళూరు రోడ్ల మీద ఈ మూడూ ఒకేసారి కుదరడం అరుదు.

మొదటిది, తెలియడం. సైరన్ వినపడగానే మనకు అర్థమయ్యేది అంబులెన్స్ ఎక్కడో దగ్గరలో ఉందన్నంత వరకే. ఏ దిక్కు నుంచి వస్తోందన్నది అంత సులువుగా అర్థం కాదు. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో మెదడు ప్రధానంగా రెండు ఆనవాళ్లతో పోల్చుకుంటుంది. తక్కువ పౌనఃపున్యాల్లో శబ్దం రెండు చెవులకూ చేరిన సమయాల మధ్య తేడా పనికొస్తుంది; ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతుకు లోపే, సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. ఎక్కువ పౌనఃపున్యాల్లో తల అడ్డుపడడం వల్ల ఒక చెవికి శబ్దం కొంచెం మందంగా చేరుతుంది, ఆ తేడా ఆసరా అవుతుంది. ఈ రెండు పద్ధతుల మధ్య సరిహద్దు దాదాపు 1,500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అక్కడ రెండూ బలహీనంగానే పనిచేస్తాయి. సైరన్ ఊళలో చాలా భాగం సరిగ్గా ఆ సరిహద్దుకు అటూ ఇటూ తిరుగుతుంది. పైగా నేరుగా ముందు నుంచి వచ్చినా, నేరుగా వెనుక నుంచి వచ్చినా శబ్దం రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది కాబట్టి ముందా వెనకా అన్న గందరగోళం సహజం. అద్దాలు ఎత్తిన కారులో అది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే శబ్దం గాజు, తలుపులు, పైకప్పు అన్నిటి గుండా ఒక్కసారిగా లోపలికి చొరబడుతుంది.

శబ్దం చేసే వస్తువు దగ్గరవుతుంటే శ్రుతి పెరిగి, దూరమవుతుంటే తగ్గే డాప్లర్ ప్రభావం సంగతేమిటని సైన్సు చదివినవాళ్లు అడుగుతారు. క్రిస్టియాన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించిన ఈ సూత్రాన్ని 1845లో నెదర్లాండ్స్‌లో రైలు మీద బాకాలు ఊదేవారిని ఎక్కించి పరీక్షించారు. గంటకు 60 కి.మీ. వేగంతో వచ్చే అంబులెన్స్ సైరన్ మనకు అసలు కంటే సుమారు 5 శాతం హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది, మనల్ని దాటిపోయాక ఇంచుమించు అంతే తగ్గుతుంది; మొత్తం మీద చతుశ్రుతి రిషభం నుంచి షడ్జానికి దిగడం కంటే కొంచెం తక్కువ తేడా. కానీ ట్రాఫిక్‌లో 15 కి.మీ. వేగంతో పాకే అంబులెన్స్‌కు ఆ మార్పు 1 శాతం కొద్దిగా దాటుతుంది, అంతే. సైరన్ తనంతట తానే పైకీ కిందికీ ఊగుతుండగా ఆ ఒక్క శాతాన్ని పట్టుకోవడం ఎంత సంగీత జ్ఞానం ఉన్నవారికైనా కష్టమే. పాఠ్యపుస్తకంలో సైరన్ ఉదాహరణ ఎంత అందంగా ఉన్నా, రోడ్డు మీద డ్రైవర్‌కు అది పెద్దగా అక్కరకు రాదు.

తీవ్రత విషయానికి వస్తే, అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. సైరన్‌కు మూడు మీటర్ల దూరంలో 115 డెసిబెల్‌లు ఉందనుకుంటే వంద మీటర్ల దగ్గర అది 85కు దిగుతుంది. ఎత్తిన అద్దాలు అందులో మరో ఇరవై ముప్పై మింగేస్తాయి. మిగిలినది ఏసీ ఫ్యానుతోను, పాటతోను పోటీపడాలి. అందుకే డ్రైవర్ స్పందించేసరికి అంబులెన్స్ రెండు మూడు బండ్ల వెనకే ఉంటుంది. ఆ క్షణంలో అతను సహజంగా చేసే పని బ్రేకు తొక్కి అద్దంలో చూడడం. సరిగ్గా ఆ పని వల్లే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే ఆగిన కారు అంబులెన్స్‌కు అడ్డుగా ఉన్న మరో వస్తువు.

రెండో సంగతి క్యూ. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ముందున్న తలుపు తీసిన వెంటనే కంపార్ట్‌మెంటు చివర కూర్చున్నవాళ్లు ఎంత తొందరపడినా అడుగు వేయలేరు. తమ ముందున్నవాళ్లు లేచి కదిలేదాకా ఆగవలసిందే. సిగ్నల్ దగ్గరా అంతే. పచ్చదీపం పడ్డాక ఒక వరుసలో సగటున రెండు సెకన్లకు ఒక కారు గీత దాటుతుందని ట్రాఫిక్ ఇంజనీర్ల స్థూలమైన లెక్క. ముందు పదిహేను కార్లు ఉంటే, వాటిని నడిపేవాళ్లకు దారి ఇవ్వాలన్న మనసు ఎంత ఉన్నా, అవి ఖాళీ కావడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. వెనక నుంచి హారన్ ఎంత మోగించినా క్యూ వెనక నుంచి కరగదు, ముందు నుంచే కరుగుతుంది. కాబట్టి సిగ్నల్ సాయపడాలంటే అంబులెన్స్ కూడలికి చేరాక పచ్చదీపం వేస్తే లాభం లేదు. సెకనుకు పది మీటర్ల వేగంతో వస్తున్న బండి కోసం, అది ఇంకా మూడు వందల మీటర్ల దూరంలో ఉండగానే దీపం మారాలి.

చెన్నైలో 2008లో దానంగా వచ్చిన ఒక గుండెను తేనాంపేట నుంచి మొగప్పేరుకు పోలీసులు 11 నిమిషాల్లో చేర్చిన సంఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తరవాత మన నగరాల్లో ‘గ్రీన్ కారిడార్’ అన్న మాట వాడుకలోకి వచ్చేసింది. అది పనిచేసేది బయలుదేరే సమయం మన చేతిలో ఉంటుంది కాబట్టే. మంచులో భద్రపరచిన గుండెకు సుమారు నాలుగు గంటల వ్యవధి ఉంటుంది. ఆలోగా ప్రతి కూడలిలోను కానిస్టేబుల్‌ను నిలబెట్టి క్యూలను ముందే ఖాళీ చేయించవచ్చు. ఇంట్లో గుండె ఆగి కుప్పకూలిన మనిషి విషయంలో అలాంటి వెసులుబాటు లేదు. ఛాతీ నొక్కడం గాని విద్యుత్ షాక్ గాని అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుంది. దానికి తోడు, జీపీఎస్ ఆధారంగా దీపాలు మార్చే ఏ పద్ధతిలోనైనా అంబులెన్స్ ముందే ఆ వ్యవస్థలో నమోదై ఉండాలి. ఆంధ్రా నంబరు ప్లేటుతో మొదటిసారి నగరంలోకి వచ్చిన ప్రైవేటు అంబులెన్స్‌ను ఏ సిగ్నలూ తనంతట తాను గుర్తుపట్టదు. ఇలాంటి పథకాల ప్రారంభోత్సవాల్లో ఈ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చేది మూడోది, బండి పక్కకు కదలగలదా అన్నది. ఒక వరుస వెడల్పు మూడున్నర మీటర్లు అనుకుంటే రెండు వరుసల రోడ్డు ఏడు మీటర్లు. పక్కపక్కన ఆగిన రెండు కార్లు కలిపి 3.6 మీటర్లు, అంబులెన్స్‌కు అద్దాలతో సహా 2.2 మీటర్లు వేసుకున్నా మొత్తం 5.8 మీటర్లే. అంటే రోడ్డు మీద చోటు ఉంది. కార్ల కుడిపక్కన కొంత, ఎడమపక్కన కొంత, మధ్యలో కొంతగా ముక్కలై ఉంది, అంతే. ముక్కలన్నీ ఒక్కచోటికి చేరాలంటే ఒక కారు కుడి అంచుకు, ఇంకొకటి ఎడమ అంచుకు ఒరగాలి. అయితే కారు పీతలాగా అడ్డంగా నడవలేదు. అయిదు మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరిగే చిన్న కారును కేవలం 60 సెంటీమీటర్లు పక్కకు జరిపి మళ్లీ తిన్నగా నిలపాలంటే, స్టీరింగ్‌ను పూర్తిగా ఒకవైపు, తరవాత పూర్తిగా రెండోవైపు తిప్పినా, అది సుమారు మూడున్నర మీటర్లు ముందుకు పోవాలి. మేక్రి సర్కిల్ దగ్గర ఎర్రదీపం ముందు కార్ల మధ్య వదిలే ఎడం ఎంతో గమనించండి. చాలాచోట్ల మీటరు కూడా ఉండదు. వెనక సైరన్ మోగుతుండగా ముందు కారు డ్రైవర్ స్టీరింగ్‌ను మెలితిప్పుతాడు, బండి అరడుగు ముందుకు జరిగి ముందున్న బంపర్ దగ్గర ఆగిపోతుంది, చక్రాలు మాత్రం ఏటవాలుగా మిగిలిపోతాయి. అప్పటికి అతను ఉన్నంత చోటునూ వాడేసుకున్నాడు. దారి ఇద్దామని చేసిన ఆ ప్రయత్నం వల్లే కారు రెండు వరుసలకూ అడ్డంగా పడుతుంది.

జర్మనీ చట్టం ఈ చిక్కును సరిగ్గా పట్టుకుంది. అక్కడి హైవేల మీద వాహనాలు నడక వేగానికి తగ్గగానే, సైరన్ వినపడినా వినపడకపోయినా, డివైడర్‌ను ఆనుకుని ఉన్న వరుసవాళ్లు డివైడర్ వైపుకు, మిగతా వరుసలవాళ్లందరూ అవతలి అంచు వైపుకు ఒరిగి మధ్యలో సందు వదలాలి. వదలకపోతే కనీసం 200 యూరోల జరిమానా, నెలపాటు డ్రైవింగ్ నిషేధం. ఆస్ట్రియా 2012లో ఇలాంటి నియమమే తెచ్చింది. ఇందులోని తెలివి రెండు చోట్ల ఉంది: బండ్లు ఇంకా కదులుతుండగానే ఒరగాలి కాబట్టి చక్రాలకు కావలసిన దూరం దొరుకుతుంది, సందు ఎక్కడ తెరుచుకుంటుందో అందరికీ ముందే తెలుసు కాబట్టి దిక్కు పోల్చుకోలేని చెవి మీద ఆధారపడనక్కర్లేదు. మన 194-ఇ సెక్షన్ ‘రోడ్డు పక్కకు’ అంటుందే గాని ఏ పక్కకో చెప్పదు. ఎడమ అంచున ఆగిన బస్సు, నిలిపి ఉంచిన ఆటోలు, తవ్వి వదిలేసిన కాలువ ఉంటే కొందరు కుడికి, కొందరు ఎడమకు తప్పుకుంటారు, ముక్కలు ముక్కలుగానే ఉండిపోతాయి.

జర్మన్ పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెట్టలేము, ద్విచక్ర వాహనాల వల్ల. మధ్యలో తెరుచుకున్న సందు క్షణాల్లో బైకులతో నిండిపోతుంది. అయితే బైకు అడ్డంగా జరగడానికి కారుకు కావలసినంత దూరం అక్కర్లేదు. నేల మీద కాలు ఆనించి ముందు చక్రాన్ని తిప్పితే చాలు. కాబట్టి బైకులు సందులో ఉండడం కంటే, అంబులెన్స్ దాటగానే దాని తోకను పట్టుకుని దూసుకుపోవడమే పెద్ద సమస్య అని నా అభిప్రాయం. పక్కకు ఒరిగిన కార్ల డ్రైవర్లకు రెండో అంబులెన్స్ గాని, వెనకే వచ్చే అగ్నిమాపక శకటం గాని కనపడకుండా పోయేది అప్పుడే.

ఎర్రదీపం దాటి దారి ఇవ్వవచ్చా అన్న ప్రశ్న బెంగళూరులో తరచు వినిపిస్తుంది, గీత దాటిన బండిని ఫోటో తీసే కెమెరాకు వెనకున్న సైరన్ వినపడదు కాబట్టి. నిబంధనలు ఎర్రదీపం విషయంలో మినహాయింపు ఇచ్చేది అత్యవసర వాహనం నడిపేవారికే, అది కూడా జాగ్రత్త వహించాలన్న షరతుతో. బ్రిటన్‌లోను దారి ఇచ్చేవారికి ఎర్రదీపం దాటే హక్కు లేదు. అడ్డదారిలో పచ్చదీపం చూసుకుని వేగంగా వచ్చేవారికి మీరు ఎందుకు ముందుకొచ్చారో తెలియదు కాబట్టి ఈ కట్టుబాటు సబబే.

ఇంతవరకు చెప్పినదంతా కదిలే అంబులెన్స్ సంగతి. హైవే మీద ప్రమాద స్థలంలో ఆగి ఉన్న అంబులెన్స్ సంగతి వేరు. అమెరికాలో దక్షిణ కరోలైనా రాష్ట్రం 1996లో ఒక చట్టం చేసింది. అంతకు రెండేళ్ల ముందు ప్రమాద స్థలంలో పనిచేస్తున్న పారామెడిక్ ఒకరిని అటుగా వచ్చిన వాహనం ఢీకొట్టడం దానికి ప్రేరణ. రోడ్డు పక్కన దీపాలు వెలిగించుకుని ఆగిన అత్యవసర వాహనం కనపడితే అవతలి వరుసలోకి మారాలి, మారలేకపోతే వేగం తగ్గించాలి. 2012లో హవాయి కూడా చేరడంతో 50 రాష్ట్రాల్లోను ఇలాంటి చట్టాలు వచ్చాయి.

వేగం తగ్గించడంలోని ప్రయోజనం కంటి పరిమితిని బట్టి అర్థమవుతుంది. రాత్రిపూట ముందున్న వాహనం కదులుతోందా ఆగిందా అన్నది అది మన కంట్లో పెద్దదవుతున్న వేగాన్ని బట్టే తెలుస్తుంది; కంటి దగ్గర అది చేసే కోణంలో పెరుగుదల సెకనుకు సుమారు 0.003 రేడియన్ (డిగ్రీలో దాదాపు ఆరో వంతు) దాటితే గాని మనిషి గుర్తించలేడు. గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్లేవారికి రెండు మీటర్ల వెడల్పున్న ఆగిన వాహనం విషయంలో ఈ గుర్తింపు దాదాపు 136 మీటర్ల దగ్గర కలుగుతుంది. తేరుకోవడానికి ఒకటిన్నర సెకన్లు పట్టి, తరవాత గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగడానికి 107 మీటర్లు కావాలి. మిగిలేది 29 మీటర్లు, అంటే ఆ వేగంలో ఒక్క సెకను. అదే 80 కి.మీ. వేగంలో గుర్తింపు 122 మీటర్ల దగ్గర కలుగుతుంది, ఆగడానికి 75 చాలు. మిగిలే వ్యవధి రెండు సెకన్లు దాటుతుంది. వాన పడితే మొదటి లెక్కలోని 29 మీటర్లూ ఉండవు.

యలహంక దాటాక ఉత్తరం వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ బోల్తా పడిన చోట పనిచేసే సిబ్బందికి 194-ఇ సెక్షన్ ఏమీ చేయలేదు, ఎందుకంటే అందులోని మాటలు సమీపిస్తున్న వాహనానికే వర్తిస్తాయి, ఆగి ఉన్నదానికి కావు. అత్యవసర వాహనాల జాబితాను పెంచే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది కాబట్టి, అమెరికాలో చాలా రాష్ట్రాలు చేర్చుకున్నట్టే, చెడిన బండ్లను లాగే క్రేన్‌లను మన రాష్ట్రాలు కూడా చేర్చుకోవచ్చు. ఆగిన వాహనానికి రక్షణ కల్పించడం మాత్రం ఆ జాబితా వల్ల కాదు. దానికి ఆ సెక్షన్‌నే మార్చాలి.