సందేహం వస్తే విశ్వాసం పోయినట్టేనా? ఒక ఉద్దానం పాస్టరు విన్న అపోహలు, తెలుసుకున్న వాస్తవాలు

ఆదివారం ఆరాధన అయిపోయాక జనం వందనాలు చెప్పుకుని వెళ్లిపోతారు. ఒకరిద్దరు మాత్రం గుమ్మం దగ్గర చెప్పులు కనబడనట్టు వెతుకుతూ ఉండిపోతారు. చెప్పులు కాళ్ల ముందే ఉంటాయి. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పద్దెనిమిదేళ్లుగా సంఘ కాపరిగా ఉన్నాను. బైబిలు కాలేజీలో మూడేళ్లూ నన్నెవరూ అడగని ప్రశ్నలు ఆ గుమ్మం దగ్గరే విన్నాను.

అపోహ: జబ్బు చేసిందంటే ఎక్కడో పాపం దాగి ఉన్నట్టే.

ఈ మాట ఒకప్పుడు నేనే అన్నాను. అందుకే ముందు దీని సంగతి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు గురించి మీరూ వినే ఉంటారు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లలో ఏదో ఉందన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఏళ్ల తరబడి పరీక్షలు జరిగినా ఇదీ కారణమని ఖాయంగా తేలలేదు. డాక్టరు కారణం చెప్పలేని చోట మా బోటివాళ్లం దూరిపోయి 'పాపం' అంటాం.

నేను కొత్తగా వచ్చిన ఏడాది జీడితోటలో కూలికెళ్లే ఒకాయనకి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నమాట. ప్రార్థనకి పిలిచారు. మంచం పక్కన కూర్చుని, "ఒప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే దేవుడి దగ్గర ఒప్పుకో నాయనా" అన్నాను. చాలా ప్రేమగా అన్నాననే అనుకున్నాను. ఆయన నావైపు చూసి, "నాను ఏటి పాపం సేసినాను అయ్యగారూ? మా వీధిలోనే నలుగురు పోనారు. వీధి వీధంతా కూడబలుక్కుని సేసినామా?" అన్నాడు. ఆయన భార్య టీ గ్లాసు నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

వాస్తవం: అదే ప్రశ్న శిష్యులు యేసును అడిగారు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, పాపం వీడిదా, వీణ్ణి కన్నవాళ్లదా అన్నారు. ఇద్దరిదీ కాదన్నాడాయన (యోహాను 9). సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఎదురు అడిగాడు (లూకా 13). ఏ తప్పూ లేకుండానే పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులైతే అచ్చం నాలాగే మాట్లాడారు. పుస్తకం చివర దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద. 42వ అధ్యాయం ఎన్నోసార్లు చదివాను, ప్రసంగం కూడా చేశాను. ఆ మంచం దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు.

తర్వాత ఆయనకి డయాలసిస్ మొదలైంది. ప్రార్థన చేస్తూ చెయ్యి పట్టుకుంటే, ఫిస్తులా వేసిన చోట, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, చర్మం కింద రక్తం జుమ్మని తిరుగుతుండేది, అగ్గిపెట్టెలో తుమ్మెదను పెట్టి మూసినట్టు. మళ్లీ ఆయన దగ్గర పాపం మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

అపోహ: గట్టి విశ్వాసం ఉంటే మందులు అక్కర్లేదు.

వాస్తవం: ఇది వేదాంత చర్చ కాదు, ప్రాణం తీసే మాట. డయాలసిస్ విడతలు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగిపోవచ్చు. ఒంట్లో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసెయ్యమని అపొస్తలుడు పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. తనతో తిరిగిన త్రోఫిమును రోగిగా మిలేతు పట్నంలో వదిలి వచ్చానని ఆయనే రాశాడు. కడుపు బాగుండని తిమోతికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. ప్రార్థన చేసుకుని అక్కడికి వెళ్లండి.

ఇందులో మా తప్పు ఇంకొకటి ఉంది. స్వస్థత దొరికినవాళ్లకే సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తాం. దొరకనివాళ్లు వెనక బెంచీలో కూర్చుని, లోపం తమలోనే ఉందనుకుంటారు. నాలుగేళ్లుగా మా సంఘంలో బాగవనివాళ్లకీ మైకు ఇస్తున్నాను. మొదటిసారి ఇద్దరు పెద్దలకి నా మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఒకాయనకి పూర్తిగా పోలేదు.

అపోహ: దేవుణ్ణి 'ఎందుకు' అని అడగకూడదు.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న, గురువారం తెల్లవారుజామున తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట. పేరు పెట్టినవాళ్లెవరో గానీ, కొబ్బరితోటలు పడుకున్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మా మందిరం రేకులు పక్క పొలంలో దొరికాయి. ఆ ఆదివారం టార్పాలిన్ కింద ఆరాధన పెట్టాను. దేవుడు మనల్ని పరీక్షిస్తున్నాడని చెప్పడానికి నోట్సు రాసుకుని మరీ వెళ్లాను. ముందు వరసలో కూర్చున్న తాతగారు అసలు బైబిలు తెరవలేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఆయనకప్పటికే డెబ్బై దాటాయి. నోట్సు మడిచి జేబులో పెట్టేసి, 88వ కీర్తన చదివాను.

వాస్తవం: 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. పాటల పుస్తకాల్లోకి మనం ఎక్కించుకున్నవి ఎక్కువగా స్తుతులు. మొరల్లో కూడా చాలావాటికి చివర్లో కొంచెం వెలుగొస్తుంది. 88కి అదీ లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. నేనూ అక్కడే ఆగాను. ఆమేన్ ఎవరూ అనలేదు. కాసేపటికి తాతగారు, "ఇది బైబిల్లోనే ఉందా?" అని అడిగి, కళ్లజోడు పెట్టుకుని వెతుక్కున్నారు.

సిలువ మీద యేసు "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అన్న మాట కూడా 22వ కీర్తన మొదటి మాటే. ఇక తుపాను దేవుడు పంపాడా లేదా అని అడిగేవాళ్లకు నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. యోబుతో దేవుడు సుడిగాలిలోంచే మాట్లాడాడు. ప్రవక్త ఏలీయా దగ్గరేమో పెనుగాలి వీస్తే, ఆ గాలిలో యెహోవా లేడని రాసి ఉంది. రెండూ ఒకే బైబిల్లో ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని దాచేసే ప్రసంగం నాకు నచ్చదు.

అపోహ: సందేహించిన తోమా అవిశ్వాసి.

వాస్తవం: యేసు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెబితే, గాయాలు చూస్తేగానీ నమ్మనన్నాడు తోమా. అలా అడిగినందుకు ఆయన్ని ఎవరూ వెలివేయలేదు. వారం తర్వాత మిగతావాళ్లతో పాటే ఉన్నాడు, అప్పుడే చూశాడు. మత్తయి 28లో కొండమీద తిరిగి లేచిన యేసుకు మొక్కినవాళ్లలోనూ "కొందరు సందేహించిరి" అని ఉంది. సందేహపడేవాళ్ల మీద కనికరం చూపమని యూదా పత్రిక చెబుతుంది. మన కూడికల్లో వాళ్లకి దొరికేది ఎక్కువగా క్లాసు.

అపోహ: కాన్‌స్టంటైన్ చక్రవర్తి నీకయ సభలో ఓట్లు వేయించి బైబిలు తయారుచేశాడు.

విశాఖలో ఇంజినీరింగ్ చదివే మా సంఘం కుర్రాడు సెలవులకొచ్చి ఇదే మాట చెప్పే వీడియో ఫోన్లో చూపించాడు. వాళ్ల నాన్న ఫోను లాక్కోబోయాడు.

వాస్తవం: క్రీ.శ. 325లో బిషప్పులు కూడిన నీకయ సభలో గొడవ అరియస్ అనే బోధకుడి బోధ మీద, అంటే కుమారుడు తండ్రితో సమానుడా కాదా అన్నదాని మీద. ఏ పుస్తకాలు ఉండాలన్న ఓటింగు అక్కడ జరగలేదు. ఇప్పుడు మనకున్న 27 కొత్త నిబంధన పుస్తకాలే అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ 367లో రాసిన ఉత్తరంలో కనిపిస్తాయి. అయితే ఆ వీడియోలో ఒక మాట నిజం. మార్కు 16లో 9 నుంచి 20 వరకూ ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు రెండు ముఖ్యమైన ప్రతుల్లో లేవు. అది కుర్రాడికి నేనే చెప్పాను. వాళ్ల నాన్న ముఖం మాడిపోయింది. పాస్టరు దాచిందీ యూట్యూబ్ బయటపెట్టిందీ అని ఆ పిల్లాడు అనుకోవడం కంటే అదే నయమనిపించింది.

అపోహ: సువార్త వినకుండా పోయిన పూర్వీకుల సంగతి మనం తేల్చేయగలం.

లండన్ మిషనరీలు జార్జి క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చింది 1805లో. అంతకుముందు బతికిన మనవాళ్లు ఎంతమంది? ఆ తర్వాత కూడా ఎన్ని ఊళ్లకు ఆ కబురు చేరలేదు?

వాస్తవం: సంఘాల మధ్యే దీనిమీద ఒకే మాట లేదు. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లకూ రక్షణ దొరకవచ్చని కాథలిక్కుల రెండో వాటికన్ సభ 1964లో రాసింది. క్రీస్తును ఎరిగి నమ్మితేనే అని మా వైపు చాలామంది బోధకులు అంటారు. నేను ఆదికాండం 18 దగ్గర ఆగుతాను. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అబ్రాహాము దేవుణ్ణే అడిగిన చోటు అది.

మా సంఘంలో ఎండుచేపలు అమ్మే ఒక మామ్మ ఉంది. వాళ్లమ్మ యేసయ్య పేరు వినకుండానే పోయింది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునేవాళ్లలో ఈవిడే ముందు. ఓ రోజు ఆవిడకి ఆ అధ్యాయం చదివి వినిపించాను. దేవుడు నాశనం చేయబోతున్న సొదొమలో యాభైమంది నీతిమంతులుంటే ఊరిని వదిలేస్తావా అని మొదలుపెట్టి, నలభై ఐదు, నలభై, ముప్ఫై, ఇరవై అంటూ అబ్రాహాము పదికి దించడం ఆవిడకి బాగా నచ్చింది. బేరం సంగతి ఆవిడకి నేను చెప్పక్కర్లేదు.

"దేవుడు కోప్పడనేదా?"

"లేదు మామ్మా. అడిగినంతసేపూ జవాబు చెప్పాడు."

గంప నెత్తికెత్తుకుంటూ, "నాను అడిగేది ఒక్కర్తి గురించే కదయ్యగారూ" అంది.