అటక మీద స్టాంపులు దొరికాయా? కొన్ని అపోహలు - వాస్తవాలు

వేసవిలో ఇళ్లు సర్దడం మొదలయ్యిందంటే నా ఫోనుకు ఫొటోలు వస్తుంటాయి. అటక మీద బిస్కెట్ డబ్బా, అందులో తాతగారి తపాలా బిళ్ళలు. కింద ఒకటే ప్రశ్న: "సార్, ఎంత పలుకుతాయి?" విజయవాడలో ముప్ఫై ఏళ్లుగా స్టాంపులు సేకరిస్తున్నాను, ఎగ్జిబిషన్లలో ఫ్రేములు (బిళ్ళల పేజీలు ప్రదర్శించే చట్రాలు) పెట్టాను, పిల్లల ఫ్రేములకు సలహాలిస్తుంటాను. ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ విన్న మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: పాతదైతే చాలు, లక్షలే.

వాస్తవం: ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్. 1840 మే నెలలో బ్రిటన్‌లో వచ్చింది. దాన్ని మించిన పాతది లేదు కదా. కానీ దాదాపు 6 కోట్ల 80 లక్షలు అచ్చువేశారు, జనం ఉత్తరాలు దాచుకున్నారు, అందుకే ఈ రోజుకీ డీలర్ల దగ్గర దొరుకుతూనే ఉంటుంది. ధర వయసును బట్టి రాదు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది కోరుకుంటున్నారు, ఏ స్థితిలో ఉంది, ఈ మూడింటిని బట్టి వస్తుంది. మన ఇళ్లలో దొరికే జార్జి రాజు అణా బిళ్ళలు దోసిళ్ల కొద్దీ ఉన్నాయి. వాటిలో చాలావాటికి టీ ఖర్చు కూడా రాదు.

క్యాటలాగు, అంటే బిళ్ళల ధరల పుస్తకం, చూసి లెక్కలు వేసుకునేవాళ్లకు ఒక మాట. అందులో ఉండేది మంచి స్థితిలో ఉన్న బిళ్ళను డీలరు అమ్మే ధర, మీ దగ్గర కొనే ధర కాదు. మరీ చవక బిళ్ళల ధరలో వెతికి, సర్ది ఇచ్చే శ్రమ ఖరీదే ఎక్కువ. వెయ్యి బిళ్ళల క్యాటలాగు ధరలు కూడి "నా ఆల్బమ్ ఇంత" అనుకుంటే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

అపోహ: ముద్ర పడితే విలువ పోయినట్టే. కవరు చెత్త, బిళ్ళే బంగారం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కొన్నేళ్ల కిందట గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుర్రాడు నోటుబుక్కు పట్టుకొచ్చాడు. వాళ్ల ముత్తాత రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి ఇంటికి ఉత్తరాలు రాసేవారట. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయినప్పుడు మన బిళ్ళల మీదే 'బర్మా' అని అచ్చొత్తి వాడారు. ఇలా అచ్చయిన బిళ్ళ మీద మళ్లీ అక్షరాలు వేస్తే 'ఓవర్‌ప్రింట్' అంటాం. ధర మార్చేలా వేస్తే 'సర్‌చార్జ్'. ఆ బిళ్ళలు నలభై దాకా ఉన్నాయి. అన్నీ చుట్టూ కత్తిరించి, జిగురుతో అతికించినవి. ఒకదాని మీద 'రంగూ' వరకే ముద్ర మిగిలింది.

"కవర్లేవి బాబూ?" అన్నాను.

"భోగి మంటలో వేసేశామండీ, బిళ్ళలు తీసేశాంగా."

ఆ బిళ్ళలు మామూలువే, ఎక్కడైనా దొరుకుతాయి. పోయింది కవరు. దాని మీద రంగూన్‌లో పడిన తేదీ, గుంటూరులో పంచినప్పటి ముద్ర, యుద్ధకాలం ఉత్తరమైతే విప్పి చదివినట్టు సెన్సారు వేసిన ముద్ర ఉంటాయి. ఒక తెలుగు కుటుంబం సముద్రానికి అటూ ఇటూ బతికిన కాలానికి అవి రుజువులు. లెక్కల పుస్తకంలో మడతపడి ఒక్క కవరు మాత్రం బయటపడింది. ఆ కుర్రాడు దాన్ని తెచ్చినప్పుడు, ఏ ముద్ర ఎందుకు పడిందో ఇద్దరం కూర్చుని గంటసేపు చదివాం.

ముద్ర వేసేది బిళ్ళను మళ్లీ వాడకుండా. దాన్నే 'క్యాన్సిలేషన్' అంటాం. కానీ సేకర్తకు అది ఊరి పేరు, తేదీ, గంట. మన ఊరికే చూడండి. 'బెజవాడ' అని ముద్ర ఉంటే ఒక కాలం, 'విజయవాడ' అని ఉంటే ఇంకో కాలం. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు రైలు దారులు కలిసే జంక్షన్ కాబట్టి ఇక్కడి ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీసు) ముద్రలు కూడా ఓపికగా ఏరుకోదగ్గవి. బిళ్ళ, ముద్ర, దారి, పోస్టు రేటు అన్నీ కలిపి చదివే విభాగాన్ని 'పోస్టల్ హిస్టరీ' అంటారు. అందులో కత్తిరించిన బిళ్ళకు దాదాపు చోటు లేదు.

ముద్ర పడితే విలువ సున్నా అనేవాళ్లకు 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు మెజెంటా బిళ్ళ చాలు. ముద్ర పడింది, మూలలు కత్తిరించి ఉన్నాయి, చూడటానికి మాసిన కాగితంలా ఉంటుంది. సేకర్తలు గుర్తించింది ఒక్కటంటే ఒక్కటే. 2021 వేలంలో 80 లక్షల డాలర్లు దాటి పలికింది.

ఒక తేడా గమనించండి. కొన్ని దేశాలు సేకర్తల కోసమే బిళ్ళలకు ముద్ర కొట్టి షీట్ల కొద్దీ అమ్ముతాయి. వెనక గమ్ అలాగే ఉంటుంది, ముద్ర మూలగా నీటుగా ఉంటుంది. వీటిని 'క్యాన్సిల్డ్ టు ఆర్డర్' అంటారు. ఇవి ఉత్తరం మోయలేదు. పిల్లల ప్యాకెట్లలో ఎక్కువగా దొరికేవి ఇవే.

అపోహ: ప్రింటింగ్ తప్పు కనిపిస్తే జాక్‌పాట్.

వాస్తవం: తప్పులన్నీ ఒకటి కాదు. 1854లో మన నాలుగణాల బిళ్ళల్లో కొన్నిటికి రాణి తల తలకిందులుగా పడింది. 1918లో అమెరికాలో విమానం బొమ్మ తలకిందులైన వంద బిళ్ళల షీటు ఒకటి బయటికొచ్చింది. ఒక రంగు పూర్తిగా పడకపోవడం, చిల్లులు అసలే లేకపోవడం కూడా ఇలాంటివే. వీటిని 'ఎర్రర్' అంటాం. సిరా మచ్చ, కాస్త పక్కకు జరిగిన రంగు, వంకరగా పడిన చిల్లులు 'ఫ్రీక్' కిందికి వస్తాయి. సరదాగా దాచుకోవచ్చు, ఆస్తి కాదు.

చిల్లులంటే గుర్తొచ్చింది. 'పెర్ఫరేషన్ 14' అంటే బిళ్ళకు 14 చిల్లులని కాదు, రెండు సెంటీమీటర్ల పొడవులో 14 అని. కొలిచే స్కేలు ఉంటుంది, తప్పకుండా కొనుక్కోండి. ఒకే బొమ్మ, ఒకే రంగు, చిల్లుల కొలత మాత్రం వేరు, అలాంటప్పుడు మాకు అవి రెండు వేర్వేరు బిళ్ళలు. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ పది రూపాయల బిళ్ళకు నకిలీలు విపరీతం. అసలైనది స్విట్జర్లాండులో కూర్వోసియే సంస్థ ఫొటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చువేసింది, చిల్లులు 11½. నకిలీని భూతద్దంలో చూస్తే చాలాసార్లు మామూలు ఆఫ్‌సెట్ ముద్రణ చుక్కలు కనిపిస్తాయి. అందుకే వాట్సాప్ ఫొటో చూసి 'అసలుదే' అని నేను చెప్పను, ఎవరు చెప్పినా నమ్మవద్దు.

అపోహ: మా నాన్నగారి మీద ప్రభుత్వం స్టాంపు వేసింది.

వాస్తవం: చాలాసార్లు అది 'మై స్టాంప్'. 2011 నుంచి తపాలా శాఖ డబ్బు తీసుకుని, మామూలు బిళ్ళ పక్కన ఉండే ఖాళీ భాగంలో మనం ఇచ్చిన ఫొటో అచ్చువేసి ఇస్తోంది. పెద్దవాళ్లకు మంచి కానుక, సంతోషంగా వేయించుకోండి. స్మారక బిళ్ళ వేరు. దాన్ని తపాలా శాఖ దేశమంతటికీ విడుదల చేస్తుంది, 2009లో పింగళి వెంకయ్యగారి మీద వచ్చినట్టు. స్పెషల్ కవరు ఇంకా వేరు. అక్కడ కొత్తది కవరు మీది బొమ్మా, ఆ రోజు ముద్రా. మీద అతికించేది అప్పటికే ఉన్న బిళ్ళే.

అపోహ: ఎగ్జిబిషన్‌లో ఎన్ని ఎక్కువ బిళ్ళలు పెడితే, ఎంత బాగా అలంకరిస్తే అంత పెద్ద మెడల్.

వాస్తవం: ఫ్రేము అంటే సాధారణంగా 16 పేజీలు. స్టాంపు సేకర్తల అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం వందలో అలంకరణకు, అంటే 'ప్రెజెంటేషన్'కు ఎన్ని మార్కులో తెలుసా? ఐదు. థీమాటిక్ విభాగంలో, అంటే ఒక అంశాన్ని బిళ్ళలతో చెప్పే విభాగంలో, దాన్ని నడిపిన తీరుకు 35, పరిజ్ఞానానికి 30, స్థితికీ అరుదుదనానికీ కలిపి 30. మెరుపు కాగితాల మీద రాత్రంతా మేలుకున్న పిల్లలకు ఈ లెక్క ఎవరూ ముందుగా చెప్పరు, నాకు బాధ కలిగించేది అదే.

ఒక అమ్మాయి కూచిపూడి మీద ఫ్రేము చేసింది. కృష్ణా జిల్లా పిల్ల, నాట్యం నేర్చుకుంది, అంశం మీద ప్రాణం పెట్టింది. కానీ పేజీల నిండా నాట్యం బొమ్మలున్న బిళ్ళలు, మధ్యలో పత్రికల కటింగులు, చుట్టూ తళుకులు. బిళ్ళల్లో 1975లో వచ్చిన నాట్యాల సెట్టులోని కూచిపూడి బిళ్ళ కూడా ఉంది, అయితే అది పదో పేజీలో మూలన పడిపోయింది.

"నీ కథ ఎక్కడ మొదలవుతుందమ్మా?" అని అడిగాను. ఆ సెలవుల్లో మొదటి పేజీ కోసం టైటిలు, ప్లాను రాసుకుంది: నాట్యం పుట్టిన నేల, భాగవతులు, ఆహార్యం, వాద్యాలు, వేదిక. తర్వాత ఒక్కో మాటకు ఒక్కో తపాలా వస్తువు వెతికింది. బిళ్ళలే కాదు, స్పెషల్ క్యాన్సిలేషన్లు, పోస్టుకార్డులు, మీటరు ముద్రలు (బిళ్ళకు బదులు యంత్రం కొట్టేవి) కూడా. కటింగులు తీసేసింది, ఎందుకంటే అవి తపాలా వస్తువులు కావు. బిళ్ళలు సగానికి తగ్గాయి, ఫ్రేము నిలబడింది.

మెడల్ గురించి కూడా చెప్పాలి. ఇక్కడ ఫస్టు, సెకండు ఉండవు. అంతర్జాతీయ పోటీల్లో 90 మార్కులు, ఆపైన వచ్చినవాళ్లకు గోల్డు, 80 వస్తే వెర్మెయిల్, అంటే బంగారు పూత వెండి. పక్క ఫ్రేముతో పోటీ లేదు కాబట్టి జ్యూరీ సభ్యుణ్ణి నిలబెట్టి నా లోపం ఏమిటని ధైర్యంగా అడగొచ్చు. అడగండి.

అపోహ: లామినేషన్ చేయిస్తే వందేళ్లు ఉంటుంది.

వాస్తవం: ఆ రోజుతో దాని పని అయిపోతుంది. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను క్షేమంగా తీయలేం. చేత్తో పట్టుకోకండి, ట్వీజర్స్ వాడండి. మన కోస్తా ఉక్కపోతకు గమ్ మెత్తబడి అతుక్కుపోతుంది, కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఆల్బమ్‌లు బోర్లా పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి, వర్షాకాలంలో వారానికోసారి విప్పి గాలి తగలనివ్వండి.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల సరదా.

వాస్తవం: హెడ్ పోస్టాఫీసులో 200 రూపాయలతో ఫిలాటెలిక్ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త బిళ్ళలు ఇంటికే వస్తాయి. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. బడిలో ఫిలాటెలీ క్లబ్బు లేకపోయినా, పిల్లవాడి పేరున ఈ ఖాతా ఉంటే దరఖాస్తు చేయొచ్చు. కూచిపూడి ఫ్రేము చేసిన అమ్మాయి ఖాతా కూడా 200 రూపాయలతో మొదలైందే. ఇప్పుడు రెండో ఫ్రేముకు పేజీలు రాస్తోంది.