పైపుల రోడ్డు ఫోటో రెండయితే

విజయవాడ

చి. బుజ్జికి, చిన్నాకు ఆశీస్సులు.

క్లౌడ్ ఫైళ్లను సింక్ చేసే, అంటే అక్కడా కంప్యూటర్‌లోనూ ఒకేలా ఉంచే ఓపెన్ సోర్స్ ప్యాకేజీ బాధ్యత మీ మీద పడిందని తెలిసింది. కొత్త హంగుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు చెరిపివేత గురించి రాస్తాను. ఫైలు గంట ఆలస్యంగా చేరితే ఎవరూ ఏమీ అనరు. పోతే మాత్రం మీ గుమ్మం ముందుకే వస్తారు.

ఒక ఫైలు గూగుల్ డ్రైవ్‌లో ఉంది, కంప్యూటర్‌లో లేదు. అక్కడ కొత్తగా చేరిందా, ఇక్కడ కావాలని తీసేశారా? కిందటిసారి సింక్ అయినప్పటి జాబితా ఉంటేనే తేలుతుంది. అందులో పేరుంటే ఇక్కడ తీసేసినట్టు, లేకపోతే అక్కడ కొత్తగా వచ్చినట్టు. ఆ జాబితా పాడైతే దేన్నీ చెరపకండి, రెండు వైపులవీ కలిపేసి ఊరుకోండి.

అసలు తంటా సగం జాబితాతో. గూగుల్ డ్రైవ్ పేర్లను పేజీలుగా ఇస్తుంది. ఎన్ని కావాలో చెప్పకపోతే పేజీకి 100, చెబితే 1000 వరకు. మూడో పేజీ దగ్గర నెట్ పోతే, మిగతావన్నీ ఎవరో తీసేశారని ప్రోగ్రామ్ అనుకుంటుంది. ఆఖరి పేజీ చేతికొచ్చేదాకా ఒక్క ఫైలూ చెరపకూడదు. పెన్‌డ్రైవ్ పెట్టడం మరిచినా ఇంతే, ఫోల్డర్ ఖాళీగా కనబడుతుంది. ఆర్‌క్లోన్ అనే సింక్ ప్రోగ్రామ్‌లో రెండు వైపులా సరిచూసే కమాండ్ బైసింక్, సగానికి మించి ఫైళ్లు పోయినట్టు కనబడితే ఆగిపోతుంది. నన్నడిగితే సగం కూడా ఎక్కువే, పదో వంతు దగ్గరే ఆపి అడగండి.

సైజు ఒకటైతే ఫైలూ ఒకటే అనుకోకండి. గుంటూరు మిర్చి యార్డులో రెండు టిక్కీలు (బస్తాలు) ఒకే తూకం తూగినా లోపల తేజా ఒకటి, బ్యాడిగి ఒకటి కావచ్చు. హ్యాష్ చూడాలి, అంటే ఫైలు లోపలి సరుకును బట్టి లెక్కకట్టే వేలిముద్ర లాంటి సంఖ్య. డ్రైవ్ ఎండీ5 అనే రకం హ్యాష్ ఇస్తుంది, గూగుల్ డాక్స్‌కు మాత్రం అదీ ఉండదు. డ్రాప్‌బాక్స్ 4 ఎంబీ ముక్కలకు విడివిడిగా హ్యాష్ కట్టి, వాటన్నిటినీ వరసగా చేర్చి మళ్లీ హ్యాష్ కడుతుంది. ఈ రెంటినీ నేరుగా పోల్చలేరు.

ఇక మన తెలుగు చిక్కు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండుగానూ రాయవచ్చు. కంటికి తేడా తెలియదు. పాత మ్యాక్ డిస్కుల్లో ఫైళ్లను అమర్చే పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ దాన్ని విడగొట్టి దాస్తుంది. దాంతో ‘పైపుల రోడ్డు’ ఫోటో రెండు వేర్వేరు ఫైళ్లయి కూర్చుంటుంది. పోల్చేటప్పుడు రెండు పేర్లనూ ఎన్‌ఎఫ్‌సీలోకి, అంటే విడి గుర్తుల్ని కలిపి రాసే యూనికోడ్ రూపంలోకి మార్చండి, డిస్కు మీది పేరు జోలికి మాత్రం పోకండి. లినక్స్‌లో పేరుకు 255 బైట్లే. తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 85 సంకేతాలు. ‘క్ష’ ఒక్కటే 9 బైట్లు తింటుంది. పెళ్లి ఆల్బమ్‌ల పేర్లు ఇక్కడే తన్నుతాయి.

‘వారానికోసారి ఆగిపోతోంది’ అని ఫిర్యాదొస్తే, గూగుల్ ప్రాజెక్టు టెస్టింగ్ దశలోనే ఉందేమో చూడండి. అప్పుడు రిఫ్రెష్ టోకెన్ (మళ్లీ లాగిన్ అవకుండా లోపలికి రానిచ్చే తాళంచెవి) 7 రోజులకే చెల్లకుండా పోతుంది. ‘మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు’ అని చెప్పే 429 వస్తే వెంటనే మళ్లీ తట్టకండి. 1, 2, 4, 8 సెకన్లు ఆగుతూ, ప్రతిసారీ కాస్త అటూఇటూ కలపండి. లేకపోతే అందరూ ఒకే క్షణాన మీద పడతారు.

ఫిర్యాదుదారుని వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఇచ్చిన కమాండ్, లాగ్ అడగండి. లాగ్‌లో టోకెన్ ఉండిపోతే చెరిపితే చాలదు, రద్దు చేసుకోమనండి. అప్పటికే అది నలుగురి మెయిల్లోకి వెళ్లి ఉంటుంది.

ఐత్వం టెస్టు ఈ వారమే రాయండి. పైపుల రోడ్డు, మైలవరం, ఈ రెండు పేర్లు చాలు.

ఇట్లు,
మీ పెదనాన్న