ఖైనీ మానడానికి నిగ్రహం ఒక్కటే చాలునా? అపోహలు - వాస్తవాలు

భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల మీద పనిచేసేవారి చేత పొగాకు మాన్పించడం నా వృత్తి. వచ్చినవారిలో చాలామంది "మనకంత నిగ్రహం లేదండి, ఆయ్" అని మొదలుపెడతారు. తుఫాను రాత్రి గట్టు తెగకుండా కాపలా కాసిన మనిషి నోట ఆ మాట వింటే నాకు నమ్మబుద్ధి కాదు.

అపోహ: నిగ్రహం ఉన్నవాడు కోరిక పుట్టినప్పుడు ఎదిరించి నిలబడతాడు.

వాస్తవం: రక్తంలోని నికోటిన్ సుమారు 2 గంటల్లో సగానికి పడిపోతుంది కాబట్టి, అలవాటుపడిన శరీరం మళ్ళీ అడుగుతుంది. మానిన తొలి రోజుల్లో చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉండి, సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో తగ్గుతాయి. అయితే శరీరంతో పాటు వేళ, చోటు కూడా అడుగుతాయి. తెల్లవారేలోపు చెరువు నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది గనుక అర్ధరాత్రి దాటాక నీటికి గాలి అందించే ఏరియేటర్లు వేసి, గట్టు మీద కూర్చుని, ఎడమ అరచేతిలో ఖైనీని సున్నంతో నలిపి, రెండు చరుపులు చరిచి పెదవి వెనుక పెట్టుకోవడం ఒక కాపలాదారుకు ఏళ్ళ తరబడి అలవాటు. పగలంతా గుర్తురాని ఖైనీ, ఏరియేటర్ చప్పుడు మొదలవగానే ఆయన చేతిని జేబులోకి లాగేది. రెండుసార్లు ఒట్టు పెట్టుకుని రెండుసార్లూ తప్పారు. మూడోసారి ఒట్టు వద్దన్నాను. పొట్లం, సున్నం డబ్బీ సాయంత్రం ఇంటి దగ్గరే పారేసి రమ్మని, స్విచ్ వేసిన వెంటనే వేయించిన వేరుశెనగలు నములుతూ చెరువు చుట్టూ ఒకసారి తిరగమని చెప్పాను. కోరిక ఉద్ధృతి సాధారణంగా కొన్ని నిమిషాలే కాబట్టి, ఆ చుట్టు పూర్తయ్యేసరికి అది చాలావరకు చల్లబడేది. ఆయన నిగ్రహం ఖర్చయింది గట్టు మీద కాదు, సాయంత్రం పొట్లం పారేసినప్పుడు.

అపోహ: 21 రోజులు ఓర్చుకుంటే ఏ అలవాటైనా పోతుంది.

వాస్తవం: శస్త్రచికిత్స తర్వాత రోగులు తమ కొత్త రూపానికి అలవాటుపడడానికి కనీసం 21 రోజులు పడుతోందని మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పరిశీలన నుంచి ఈ లెక్క పుట్టింది. లండన్‌లో 96 మందిపై జరిపి 2009లో వెలువరించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి ఆ గడువు 18 నుంచి 254 రోజుల వరకు ఉంది. అదీ మంచి అలవాటు నేర్చుకోవడానికే గాని, వ్యసనం మానడానికి కాదు. మన దగ్గర అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు సిగరెట్ ముట్టనివారు, మాల తీసిన సాయంత్రమే బడ్డీ కొట్టు దగ్గర కనబడడం కొత్త కాదు. దీక్షలో దుస్తులు, భోజనం, స్నేహాలు మారుతాయి, కొట్టువాడు కూడా "స్వామీ" అని పలకరిస్తాడే గాని సిగరెట్ చాచడు. ఆ కట్టుబాట్లన్నీ మాలతోపాటే తీసేస్తే మిగిలేది పాత వేళ, పాత చోటు.

అపోహ: పొగాకు మీద కోరిక తగ్గడానికి నమిలే నికోటిన్ గమ్ వాడడం ఓటమి.

వాస్తవం: కాదు. అయితే దాన్ని కిళ్ళీలా ఆపకుండా నమలకూడదు. మెల్లగా నమిలి, ఘాటు తగిలాక చిగురుకు, బుగ్గకు మధ్య ఉంచాలి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. 1800-11-2356 జాతీయ ఉచిత నంబరుకు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది.

ఆ కాపలాదారు సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర ఒకసారి ఖైనీ వేసుకుని, తలవంచుకుని నా దగ్గరకు వచ్చారు. పొరపాటు నాదే: చెరువు గురించి అంతా అడిగాను గాని, బరి గురించి అడగలేదు. ఇప్పుడు మొదటి రోజే పండగలు, పెళ్ళిళ్ళు కూడా రాసుకుంటున్నాను.