పెన్సిలంత పుల్ల

పిల్లలూ,

మొన్న రాత్రి అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి మా చిన్నబ్బాయి వీడియో కాల్ చేశాడు. అక్కడ నవంబరు చివర్లో, థాంక్స్‌గివింగ్ పండగ అయిపోగానే రైఫిల్‌తో జింకల వేట మొదలవుతుంది. ఈసారి లైసెన్సు తీసుకుని, దూరం నుంచి మనిషని తెలిసేలా నారింజ రంగు కోటు తొడుక్కుని, తోటి ఉద్యోగులతో వాడూ అడవికి పోయాడట. అరవై మీటర్ల దూరంలో తెల్లతోక జింక ఒకటి నిలబడి ఉందట. కాల్చాడు. అది తోక పైకెత్తి, రెండు దూకుల్లో మాయమైంది. పోయి చూస్తే నెత్తురు చుక్క లేదు, ఊడిన వెంట్రుక లేదు. వెనక్కి వస్తుంటే, తను నిలబడ్డ చోటికి పదడుగుల దూరంలో పెన్సిలంత పుల్ల కనబడిందట. సగానికి తెగి వేలాడుతోంది, తెగిన చోట పచ్చి చెక్క తెల్లగా పోగులు పోగులుగా ఉంది.

ఏడో తరగతి చదివే మా మనవడు పక్కన కూర్చుని అంతా విన్నాడు. ఫోన్ పెట్టేశాక అడిగాడు: "తాతా, తూటా చెట్టు మొద్దులోకి దిగబడిపోతుంది కదా. ఇంత పుల్ల దాన్నేం చేస్తుంది? మామ గురి తప్పి, నెపం పుల్ల మీద పెడుతున్నాడు."

వాడికి చెప్పిందే మీ అందరికీ రాస్తున్నాను. మహారాష్ట్రలో ఉన్న మన సిరొంచలో మీరు బడిలో మరాఠీలో చదువుకుని, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడతారు. చదవడం కష్టమైన చోట అమ్మ చేతో నాన్న చేతో చదివించుకోండి.

పుల్ల తూటాను ఆపలేదు, నిజమే. ఆపాల్సిన పని కూడా లేదు. కాస్త తాకితే చాలు. ఎందుకో తెలియాలంటే బొంగరం తెలియాలి. అదే, మీ బడిలో భోవరా అంటారే, అది.

మా చిన్నప్పుడు బొంగరం కొట్లో దొరికేది కాదు. మా వాడ వడ్లాయన దగ్గర గంటలు గంటలు కూర్చుంటే, మిగిలిన టేకు ముక్క చెక్కి ఇచ్చేవాడు. కింద ములికి దిగ్గొట్టేటప్పుడు "మధ్యకు రావాలిరా, వెంట్రుక పక్కకు పోయినా ఊగుతుంది" అంటూ ఒక కన్ను మూసి చూసేవాడు. నా బొంగరానికి పసుపు, లక్క రంగు పూశాను. ప్రాణహిత ఒడ్డున గట్టి నేల చూసుకుని, తాడు బిగించి చుట్టి విసిరితే, ముందు ఊగి ఊగి, తర్వాత నిటారుగా నిలబడి తిరిగేది. అప్పుడు రంగులు రెండూ కలిసిపోయి కుంకుమ పువ్వు రంగొకటి కనబడేది. కదలనట్టే ఉండేది. చెవి దగ్గర పెడితే సన్నగా రొద. అరచేతిలోకి ఎత్తుకుంటే చక్కిలిగింత. ఆ రొద ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అదే బొంగరాన్ని తిప్పకుండా ములికి మీద నిలబెట్టండి చూద్దాం. నిలబడదు. దాన్ని నిలబెట్టేది తిరగడమే.

తూటా కూడా బొంగరమే, పిల్లలూ. గాల్లో పడుకుని తిరిగే బొంగరం. రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు, మరసీలకు ఉన్నట్టు మెలి తిరిగిన గాడులుంటాయి. బొంగరానికి తాడు ఎలాగో తూటాకు ఆ గాడులు అలాగ. 1906 నుంచి వాడుకలో ఉన్న థర్టీ-ఆట్-సిక్స్ అనే రకం తూటా ఉంది, అక్కడి వేటగాళ్ళకు బాగా అలవాటైంది. దాన్ని కాల్చే రైఫిల్ గొట్టం మామూలుగా పది అంగుళాలకు ఒక చుట్టు తిప్పుతుంది. తూటా సెకనుకు సుమారు 2,700 అడుగులు పోతుంది. గుణించి చూడండి, సెకనుకు మూడు వేల చుట్ల పైనే. మన బొంగరం దాని ముందు ముసలెద్దు.

ఇంతలా ఎందుకు తిప్పడం? తూటా ముందు సన్నగా, వెనక బరువుగా ఉంటుంది. అంత వేగంలో గాలి దాని ముక్కు పట్టుకుని పక్కకు తిప్పెయ్యాలని చూస్తుంది. తిరుగుతోంది కాబట్టే గాలి మాట వినకుండా ముక్కు ముందుకే పెట్టి పోతుంది. తిరగకపోతే విసిరిన జొన్నకర్రలా పిల్లిమొగ్గలు వేస్తుంది.

ఇప్పుడు పుల్ల దగ్గరికి వద్దాం. నిటారుగా తిరుగుతున్న బొంగరం తలను చీపురు పుల్లతో తాకితే ఏమవుతుంది? పడిపోదు, కానీ పాత నిలకడ పోతుంది. తల ఊపుతూ తిరుగుతుంది, అలా ఊగుతూనే నేల మీద పక్కకు జరుగుతుంది. తూటా ముక్కును పుల్ల తాకినా అంతే. ముక్కు ఓ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన తూటాకు గాలి ఎదురుగా కాక పక్కనుంచి తగులుతుంది, దారి మళ్ళుతుంది. గట్టిగా తగిలితే పూర్తిగా అడ్డం తిరిగిపోతుంది. అలా అడ్డం తిరిగిన తూటా కాగితం గురికి తగిలితే గుండ్రటి చిల్లు పడదు, తాళం రంధ్రంలా పొడుగ్గా పడుతుంది. తూటా బరువెంతని అడుగుతారేమో, పది పన్నెండు గ్రాములు. పల్చటి రాగి తొడుగున్న తేలిక రకాలైతే పుల్లకు తగిలి చిట్లిపోవడం కూడా ఉంది.

మా మనవడు ఇక్కడ ఒప్పుకోలేదు. "కొంచెం ఒరిగితే కొంచెమే కదా తప్పాలి" అన్నాడు. మంచి మాటే. వాడి కంపాస్ పెట్టెలోంచి ప్రొట్రాక్టర్ తీయించి, ఒక్క డిగ్రీ ఎంతో చూడమన్నాను. రెండు గీతలూ కలిసిపోయినట్టే ఉన్నాయి. తర్వాత ఇద్దరం వాకిట్లోకి పోయి, ఒకే మేకుకు రెండు తాళ్ళు కట్టి, ఆ ఒక్క డిగ్రీ ఎడంతోనే లాగాం. మీటరు దూరంలో రెండు తాళ్ళ మధ్య వేలు పెడితే నిండిపోయింది. ఇరవై మీటర్ల దగ్గర, ఎదురింటి గోడ పక్కన, జానెడు పైన ఖాళీ. అదే యాభై మీటర్లయితే దాదాపు తొంభై సెంటీమీటర్లు. జింక కడుపు ఒక చోట, తూటా ఇంకో చోట.

అందుకే పుల్ల ఎక్కడుందన్నది అంత ముఖ్యం. జింకకు ఆనుకుని ఉన్న పొదలో పుల్ల తగిలితే తప్పు వేలెడే. తుపాకీకి దగ్గరున్న పుల్ల తగిలితే ఆ తప్పు దారి పొడుగునా పెరుగుతూ పోతుంది. మా వాడికి తగిలింది పదడుగుల్లో.

మరి కనబడలేదా అంటే, తుపాకీ మీద బిగించే స్కోప్‌లో నిజంగానే కనబడదు. దూరాన ఉన్న జింక మీసాలు తెలుస్తాయి గానీ దగ్గరి పుల్ల మసకబారి కరిగిపోతుంది. పైగా స్కోప్ గొట్టం కన్నా అంగుళంన్నర పైన కూర్చుంటుంది. కన్ను పోయే దారిలో పుల్ల లేకపోయినా తూటా పోయే దారిలో ఉండొచ్చు.

అమెరికాలో పాత వేటగాళ్ళకు ఒక నమ్మకం ఉండేది. లావుగా, బరువుగా, మొద్దు ముక్కుతో నెమ్మదిగా పోయే తూటా పొదల్ని చీల్చుకుని తిన్నగా పోతుందని. అలాంటి తుపాకులకు పొదల తుపాకులని పేరే పెట్టుకున్నారు. కర్రపుల్లలు వరసగా పాతి, వాటి గుండా కాల్చి చూసినవాళ్ళకు తేలిందేమిటంటే, అన్నీ దారి తప్పుతాయి. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. ఒకే తూటా ఒకసారి తిన్నగా పోయి, మరోసారి ఎటో పోతుంది. నమ్ముకోదగ్గది ఒక్కటీ లేదు. మా వాడికి చెప్పాను, పుల్ల అడ్డముంటే కాల్చకు, జింక రెండడుగులు వేసేదాకా ఆగు, లేకపోతే తుపాకీ దించు.

ఎందుకంత గట్టిగా చెప్పానో మీకూ చెప్పాలి. మన దేశంలో వన్యప్రాణి చట్టం 1972లో వచ్చింది. అంతకు ముందు మా ఊరి అడవికి బయటి వాళ్ళు తుపాకులతో వచ్చేవారు. ఒకసారి ఒకాయన వెదురు పొద అవతల ఉన్న దుప్పిని ఆకుల సందులోంచి కాల్చాడు. దుప్పి పడలేదు. "తప్పింది" అని జీపెక్కి వెళ్ళిపోయాడు. మా నాన్న పొద అవతలికి పోయి, వంగి ఒక తునికాకు తీశాడు. ఆకు మధ్యలో నెత్తురు చుక్క, చింతగింజంత. నేను మంచినీళ్ళ సొరకాయ బుర్ర పట్టుకుని వెనకాలే నడిచాను. ఇరవై అడుగులకు ఒక చుక్క, యాభై అడుగులకు ఒకటి. వాగు ఇసకలో మూడు కాళ్ళ గుర్తులే పడ్డాయి, నాలుగోది ఈడ్చిన గీత. చీకటి పడేదాకా వెతికాం, దొరకలేదు. ఇంటికొచ్చి నాన్న చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాడు, తినకుండా లేచాడు. నాకప్పుడు పదేళ్ళు.

పుల్ల జింకను కాపాడుతుందని అనుకోకండి. మొన్న కాపాడింది, ఆనాడు కాపాడలేదు. మీ చేతుల్లో గులేరులున్నాయని నాకు తెలుసు. మామిడికాయలకు వాడుకోండి, పిట్టల జోలికి పోవద్దు. రాయికీ కొమ్మ అడ్డమే.

ఇక మీకొక పని. బొంగరం తెచ్చుకోండి, లేకపోతే చెక్కించుకోండి. గట్టి నేల మీద తిప్పి, అది నిటారుగా నిలబడేదాకా ఊపిరి బిగబట్టి ఆగండి. అప్పుడు చీపురు పుల్ల కొసతో, తలకు ఒక పక్క, మెల్లగా తూర్పు వైపు నెట్టండి. తూర్పుకే ఒరుగుతుందని మీరంతా పందెం కాస్తారు, నేనూ కాశాను. అది ఎటు ఒరుగుతుందో నేను చెప్పను. అరవై ఏళ్ళుగా చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ నా చెయ్యి ఆగిపోతుంది. కుడికి తిప్పిన బొంగరంతో ఒకసారి, ఎడమకు తిప్పిన దానితో ఒకసారి చూడండి. రెండిటికీ తేడా ఏమిటో సంక్రాంతి లోపల నాకు రాయండి.

మీ తాత