రబ్బరుకు రంగు ఎక్కాలంటే

మా అనంతపురంలో చీనీకాయలకు కొదవ లేదు. మొన్న మా అక్క కూతురి పుట్టినరోజున ఆ పిల్ల చీనీకాయ ఒలుస్తూ, తొక్కను బెలూన్ దగ్గర పెట్టి పిండింది. సన్నటి తుంపర పడిందో లేదో, బెలూన్ ఠప్పున పేలింది. సూది తగల్లేదు, నిప్పు తగల్లేదు. ముందురోజు సాయంత్రం ఆ బెలూన్ల మీదే స్కెచ్ పెన్నుతో పాప పేరు రాస్తే, రాసిందంతా వేలికి అంటుకొచ్చింది. ఈ రెండింటికీ మూలం ఒకటే.

రబ్బరు అంటే ఐసోప్రీన్ అనే చిన్న ముక్కలు వేల సంఖ్యలో కలిసిన గొలుసు. చీనీ తొక్కలోని నూనెలో చాలావరకు లిమోనిన్ ఉంటుంది. దాని అణువు కూడా రెండు ఐసోప్రీన్ ముక్కల పొందికే. ఇద్దరిదీ ఒకే వంశం. అందుకే లిమోనిన్ సులువుగా రబ్బరులోకి చొరబడి గొలుసులను వదులు చేస్తుంది. బిగువు మీదున్న పొర అక్కడే తెగుతుంది. నీళ్లకు ఈ చుట్టరికం లేదు, కాబట్టి స్కెచ్ పెన్ను సిరాలాంటి నీళ్లరంగు రబ్బరు మీద బొట్లుబొట్లుగా నిలిచి జారిపోతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతి వేరు. తోలు పీచుల అల్లిక, రంగు దానిలోకి ఇంకుతుంది. రబ్బరుకైతే ఆ దారి మనమే తెరవాలి.

ఇంకో చిక్కు సాగడం. బెలూన్ పొర అటూ ఇటూ అయిదేసి రెట్లు సాగితే వైశాల్యం 25 రెట్లవుతుంది. మార్కర్ సిరాలోని జిగురు అంత సాగలేదు. ఊదకముందు రాసిన అక్షరం ఊదేసరికి ఎండిన చెరువు అడుగులా నెర్రెలిస్తుంది. రంగును పట్టి ఉంచేది కూడా రబ్బరే కావాలి.

ఈ కిటుకు పంక్చర్ అంగడిలో రోజూ కనిపిస్తుంది. మేస్త్రీ ట్యూబును ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాస్తాడు. వెంటనే ప్యాచ్ వేయడు. వేలితో ముట్టి, తడి పోయిందనుకున్నాకే అతికించి సుత్తితో కొడతాడు. సొల్యూషన్ అంటే ద్రావణిలో, అంటే రబ్బరును కరిగించే ద్రవంలో, కరిగిన రబ్బరు. ద్రావణి ట్యూబు పైపొరను ఉబ్బిస్తుంది, కొత్త గొలుసులు పాతవాటిలోకి దూరతాయి, ద్రావణి ఆవిరైపోగానే రెండూ పెనవేసుకుంటాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన, గొలుసులను ఒకదానితో ఒకటి కట్టిపడేసే గంధకపు ముడులు ఉండబట్టే ట్యూబు కరిగిపోకుండా ఉబ్బి ఊరుకుంటుంది.

లేటెక్స్ దుస్తుల మీద బొమ్మలు వేసేవాళ్లు ఇలాంటి సొల్యూషన్‌లోనే కొద్దిగా ఆయిల్ కలర్ కలిపి పలుచగా పూస్తారు. పాత సైకిల్ ట్యూబు ముక్క మీది పొడిని బాగా తుడిచి, అలా కలిపిన ఎర్ర రంగుతో చిన్న ముగ్గు వేసి చూశాను. రెండు రోజులు ఆరనిచ్చి లాగితే ముగ్గు ట్యూబుతో పాటే సాగింది, మళ్లీ దగ్గరికొచ్చింది, ఊడలేదు. సొల్యూషన్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది, పీల్చినా మంచిది కాదు. పొయ్యికి దూరంగా, ఆరుబయట చేయాలి. ఊదిన బెలూన్‌కు మాత్రం సొల్యూషన్ పూయకండి, చీనీ తొక్క చేసిన పనే చేస్తుంది.

బంగారు రంగు పొడి జోలికీ పోవద్దు. అందులో సాధారణంగా రాగి ఉంటుంది. గాలికి రబ్బరు చెడిపోవడాన్ని రాగి వేగిరపరుస్తుంది.

ఇక బెలూన్ సొంత రంగు పూతే కాదు. రబ్బరు పాలలోనే రంగు కలిపి, అందులో అచ్చును ముంచి తీస్తారు. పేలిన ముక్కను పాప గోటితో ఎంత గీకినా, ఎరుపు ఎరుపుగానే ఉంది.