లాంగ్‌హార్న్ నడవాలంటే గడియారం 2004లో ఉండాలి

విండోస్ విస్టా తయారీలో ఉన్నప్పుడు దాని పేరు లాంగ్‌హార్న్. 2004 మే నెలలో సియాటిల్‌లో జరిగిన విన్‌హెక్ అనే హార్డ్‌వేర్ తయారీదారుల సదస్సులో మైక్రోసాఫ్ట్ పంచిన బిల్డ్ 4074 (తయారీ మధ్యలో బయటికొచ్చిన ఒక కూర్పు) ఆ దశకు చక్కటి ఆనవాలు. ఆ ఏడాదే పాత కోడ్‌ను పక్కనపెట్టి, విండోస్ సర్వర్ 2003 పునాది మీద పని మళ్లీ మొదలుపెట్టారు. విన్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ నిల్వ విస్టాలోకి రానే లేదు. దాన్ని లాంగ్‌హార్న్‌లో కళ్లారా చూడాలంటే ఇలాంటి బిల్డ్‌లే దిక్కు.

వర్చువల్ మెషీన్‌లో (వీఎమ్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) దీన్ని ఎక్కించేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది తేదీ దగ్గరే. ఇందులో టైమ్‌బాంబ్, అంటే గడువు తేదీ దాటాక పనిచేయనివ్వని ఏర్పాటు, ఉంటుంది. నేటి తేదీతో మొదలుపెడితే పని ముందుకు సాగదు. ఎక్కించాక గడువు దాటితే 0x98 నంబరుతో నీలి తెర వస్తుంది. మూల్యాంకన గడువు ముగిసిందని ఆ నంబరుకు అర్థం.

కాబట్టి మెషీన్‌ను మొదటిసారి ఆన్ చేయకముందే గడియారం వెనక్కి తిప్పాలి. వర్చువల్ మెషీన్లు నడిపే వీఎమ్‌వేర్‌లో అయితే, మెషీన్ అమరికలుండే వీఎమ్‌ఎక్స్ ఫైల్‌లో ఆర్‌టీసీ (మెషీన్ గడియారం) స్టార్ట్‌టైమ్ విలువగా 1082937600 ఇవ్వండి. 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తే అది 2004 ఏప్రిల్ 26. వీఎమ్‌వేర్ టూల్స్ అనే సహాయక ప్రోగ్రామ్‌లోని టైమ్ సింక్ ఒక్కటే ఆపితే చాలదు. స్నాప్‌షాట్‌కు (ముందు దాచుకున్న స్థితికి) వెళ్లినప్పుడు, సస్పెండ్ నుంచి లేచినప్పుడు, టూల్స్ మొదలైనప్పుడు కూడా అసలు కంప్యూటర్ సమయం లోపలికి వచ్చేస్తుంది. వీటికి వీఎమ్‌ఎక్స్ ఫైల్‌లో వేర్వేరు టైమ్ సింక్రనైజ్ వరుసలున్నాయి, అన్నింటినీ ఫాల్స్ చేయాలి. క్యూఎమ్యూ అనే మరో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ తలనొప్పి తక్కువ: ఆర్‌టీసీకి బేస్ తేదీ ఇచ్చి, క్లాక్‌ను వీఎమ్‌కు కట్టేస్తే సరిపోతుంది.

డిస్క్‌ను పాత పద్ధతి కనెక్షన్ అయిన ఐడీఈకే తగిలించండి. కొత్త పద్ధతి అయిన ఏహెచ్‌సీఐ ఇస్తే డ్రైవర్ లేక 0x7B లోపం (బూట్ డిస్క్ అందలేదని అర్థం) వస్తుంది. 512 ఎంబీ నుంచి 1 జీబీ ర్యామ్, ఒక ప్రాసెసర్ చాలు. భద్రతా నవీకరణలు ఎప్పటికీ రావు కనుక నెట్‌వర్క్ కార్డు తీసేయండి.

విండోస్ 95 వైపు, అంటే తయారీలో ఉన్నప్పుడు షికాగో అని పిలిచిన దాని బీటాల (పరీక్ష కూర్పుల) వైపు వెళ్తే ఇబ్బంది ప్రాసెసర్ వేగంతో. అక్కడి నెట్‌వర్క్ డ్రైవర్ ఒక లూప్‌ను తిప్పి, పట్టిన సమయంతో భాగిస్తుంది. 2.1 గిగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్‌పై లూప్ మరీ త్వరగా ముగిసి ఆ సమయం సున్నా అవుతుంది. సున్నాతో భాగహారం కుదరదు కాబట్టి విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్ వస్తుంది. పాత యంత్రాన్ని దాని వేగంతో సహా అనుకరించే 86బాక్స్‌లో 100 మెగాహెర్ట్జ్ పెంటియం ఎంచుకోండి. అందులోనూ టైమ్ సింక్రనైజేషన్ ఆపి, బయోస్‌లో (యంత్రం ఆన్ అవగానే కనిపించే మూల అమరికల్లో) బిల్డ్ కాలపు తేదీ పెట్టాకే సెటప్ నడపండి.